చెవికి బిళ్ళ, చేతికి ఫోను

ఒరేయ్ మనవడా, గేదె మేత మానేస్తే మీరు ముందు ఫోను చూస్తారు, ఆ తర్వాతే గేదెను చూస్తారు. 1962కి కొట్టడం, పశువుల డాక్టరు వ్యాను రావడం, చెవికున్న పసుపు బిళ్ళ మీది 12 అంకెలు రాసుకోవడం. గేదెకు అంకెలెందుకురా? మా రోజుల్లో పేరుండేది.

పొద్దున్నే చావిట్లో అడుగు పెడుతూనే మా నాయన దాని చెవి పట్టుకుని చూసేవాడు, వేడిగా ఉందా చల్లగా ఉందా అని. ముట్టె తడిగా ఉందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా వేసింది, అంతే పరీక్ష. తోక కింద థర్మామీటరు పెట్టే మర్యాదలేనితనం లేదు. తడి పిల్లిపెసరలో పడి మేసొచ్చి ఎడమ డొక్క డప్పులా ఉబ్బిందా, ఇంగువ కలిపిన నూనె వెదురు గొట్టంతో గొంతులోకి పోసేసేవాళ్ళం. కొన్నిటికి ఆ నూనె కడుపులోకి పోక ఊపిరితిత్తుల్లోకి పోయేది, దగ్గి దగ్గి చచ్చేవి. అది మీ డాక్టరు నాకు చెప్పక్కర్లేదు, నాకూ తెలుసు.

గాలికుంటు వచ్చిందంటే నోట చొంగ, గిట్టల మధ్య పుండ్లు. ఈగలు వాలకుండా వేపనూనె రాసి, నోటికి అంబలి పట్టేవాళ్ళం. ఎద్దు కుంటినన్నాళ్ళు దుక్కి మాని అరుగెక్కి కబుర్లు చెప్పుకునేవాళ్ళం కూడా. ఇప్పుడు ఆరు నెలలకోసారి టీకా వేసి ఆ తీరికా లేకుండా చేశారు. అయినా ఎద్దేదీ? ట్రాక్టరుకు జబ్బు చేస్తే అరుగు కాదు, షెడ్డు!

ఇక మీ సంకర జాతి ఆవులు. ఈని రెండ్రోజులైనా కాకముందే కుప్పకూలి, మెడ డొక్క మీదికి తిప్పేసి పడుకుంటాయి. పాలజ్వరమట. నరంలోకి సీసాడు కాల్షియం ఎక్కిస్తే కాసేపటికి లేచి నిలబడతాయి, వినోదంలాగా. మా నాటావులకు ఆ రోగమే ఎరగం. ఇచ్చేది శేరు పాలు, ఇంక కాల్షియం తరిగేది ఎక్కడ?

పశువులకు పెద్దరోగం అని ఒకటుండేది. తగిలితే చావిళ్ళకు చావిళ్ళే ఖాళీ. పొలిమేర దేవతకు మొక్కుకునేవాళ్ళం. 2011లో అది లోకంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత అలా పూర్తిగా అంతమైన జబ్బు ఇదొక్కటే. టీకాల పుణ్యమేలే, కాదనను. కానీ మొక్కునాటి పులిహోర కూడా దాంతోనే పోయింది, దానికెవడు జవాబుదారీ?

గొంతువాపు మాత్రం పోలేదు. ముసురు రోజుల్లో గేదెకు జ్వరం కాసి, గొంతు కింద వాచి గురక మొదలైందంటే ఒక్కరోజులో దక్కకుండా పోతుంది. అప్పుడు నా గొట్టమూ పనికిరాదు, నీ వ్యానూ అందదు. తొలకరి పడకముందే టీకా వేయించు. ఇవాళే వెళ్ళు, ఆ ఫోను ఇక్కడ పెట్టి మరీ వెళ్ళు.