ఎందుకైనా మంచిది వదిన

ఆదివారం గండిపేట గట్టుకో, హిమాయత్‌సాగర్ ఒడ్డుకో పిల్లలను వెంటేసుకుని చేపలు పట్టడానికి బయలుదేరే ప్రతి కుటుంబంలో ఒక వదిన ఉంటుంది. గాలం ఎటు పట్టుకోవాలో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆశా లేదు. ఆమె పని సంచి సర్దడం. పులిహోర, పెరుగన్నం, చపాతీలు, ఆలుగడ్డ వేపుడు, వాటి మీద చుడువా, మురుకులు, పల్లిపట్టీలు, అరటిపళ్లు. ఒక సీసాలో చల్ల, ఇంకో సీసాలో నిమ్మరసం, మూడో సీసాలో గడ్డకట్టించిన నీళ్లు. ఇంత ఎందుకమ్మా అంటే జవాబొక్కటే: "ఎందుకైనా మంచిది." అన్న గాలం కర్రకు డిక్కీలో చోటు దొరకదు, అది కారు కిటికీలోంచి తొంగిచూస్తూ ప్రయాణం చేస్తుంది. నవ్వుకోవడానికి ఇంతకన్నా అనువైన మనిషి దొరకదు. అయినా ఆ బృందంలో చేపల వేట సంగతి సరిగ్గా తెలిసింది ఆమె ఒక్కదానికేనని నా వాదన.

గాలం వేటంటే ముప్పాతిక మువ్వీసం ఎదురుచూపే. అన్న ఎర్రనో గోధుమపిండి ముద్దనో కొక్కేనికి గుచ్చి, బెండు మీద చూపు నిలిపి, "మాట్లాడకండి, చేప బెదురుతుంది" అంటాడు. ఏడేళ్ల పిల్లాడు మాట్లాడకుండా ఉండేది నోట్లో ఏదైనా ఉన్నప్పుడే. నోరు ఖాళీ అయితే కాళ్లు లేస్తాయి, లేచిన కాళ్లు నీళ్ల అంచుకే పోతాయి. అక్కడ ఎంత లోతో, ఎంత బురదో పైకి కనబడదు. అందుకే వదిన దుప్పటి నీళ్లకు దూరంగా, చెట్టు కింద పరుస్తుంది. మురుకు నమలడానికి ఎంతసేపు, పల్లిపట్టీ కొరకడానికి ఎంతసేపు అన్నది ఆమె లెక్కలో ఉంటుంది. మెత్తటి కేకు తేకపోవడం పిసినారితనం కాదు. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లాడు మళ్లీ లేస్తాడు.

మొయినాబాద్‌లో హోటళ్లు లేవా, చేవెళ్ల దారిలో మక్కకంకులు దొరకవా అని మరుదులు వాదిస్తారు. ఉన్నాయి, దొరుకుతాయి. కానీ పిల్లల ఆకలి హోటల్ బోర్డు చూసి వేయదు, బెండు మొదటిసారి మునిగినప్పుడు వేస్తుంది. ఎండకు పాడైపోవా అని ఇంకో ప్రశ్న. పులిహోరను చింతపండు, నూనె మధ్యాహ్నం దాకా కాస్తాయి. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు కలిపితే తినే వేళకు పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. గడ్డకట్టిన సీసా ఆ డబ్బాను ఆనుకుని ఉంటుంది, కరిగాక తాగే నీళ్లవుతుంది. ఎర్రలు పట్టుకున్న చేతులకు సబ్బు ముక్క కూడా సంచిలో ఉంది. ఆమె మీద న్యాయమైన ఫిర్యాదు ఒక్కటే: పిల్లల వంతు అయ్యాక పెద్దల మీద పడుతుంది. "ఇంకో చపాతీ వేసుకో, మిగిలితే మళ్లీ మోసుకుపోవాలి" అనే మాటకు ఇంతవరకు ఏ మరిదీ అడ్డు చెప్పి నెగ్గలేదు.

ఇంత మోత ఎందుకు, చిప్స్ ప్యాకెట్లు కొనిస్తే పోలేదా అనేవాళ్లు ఆ నీళ్ల చరిత్ర ఒకసారి చూడాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట), ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పుట్టిన చెరువులే నగరం గొంతు తడిపాయి. వాటిని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలను ఎత్తేశారు. వదిన నియమాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ సవరించలేదు: తిండి స్టీలు డబ్బాల్లో రావాలి, తొక్కలూ కాగితాలూ వేరే సంచిలో ఇంటికి పోవాలి. పిల్లలు చాటుగా నీళ్లలోకి విసిరే పులిహోర మెతుకులు ఈ నియమం కిందికి రావు. చేపలు అన్న ఎర వైపు చూడకపోవడానికి అవే కారణమేమో.

సాయంత్రానికి బుట్టలో నాలుగు పరకలు పడితే గొప్ప. తప్పించుకుపోయిన కొర్రమట్ట ఎంత పొడుగో అన్న దారంతా చేతులు చాపి చూపిస్తాడు, వెనక సీట్లో పిల్లలు చివరి చపాతీ పంచుకుంటారు. గాలం ఇంట్లో మరిచి వెళ్లినా ఆ ఆదివారం గడుస్తుంది. సంచి మరిస్తే మాత్రం మొయినాబాద్ చేరకముందే బండి వెనక్కి తిప్పాలి. కాబట్టి మరుదులారా, వచ్చే వారం ఆమె సంచితో గుమ్మం దిగుతున్నప్పుడు జోకులు తర్వాత వేద్దురు గాని, ముందు రెండో పిడి పట్టుకోండి.