ఎఱ్ఱ బండి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ పద్యం బెజవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో పుట్టింది. వెనక సీట్లో బడికి వెళ్లే పిల్లలు, చేతిలో తాళం, గడియారంలో తొమ్మిది దాటిన వేళ. అప్పుడు కవి నోట వచ్చిన ఆశువు ఇది. తన పేరు వేయవద్దన్నాడు. ఆశువు కనుక వ్యాకరణ దోషాలు ఉంటే మన్నించమన్నాడు. బండి దోషాల గురించి మాత్రం ఏమీ అనలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాఖ్య.

మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమలోని కొల్చారం వాడు. ఆయన దారే మన దారి. బానెట్టు కింద లేనిది ఇక్కడ చెప్పబోము.

తే.గీ. తాళ మెంతగ దిప్పిన దగ్గు తప్ప
మాట రాదయ్యె; దీపాలు మసకబారె;
ముక్కుపుటముల పెట్రోలు ముసరికొనియె;
ఏల యలిగితి పలుకవే యెఱ్ఱ బండి!

ప్రతిపదార్థం: ఎఱ్ఱ బండి = ఓ ఎఱ్ఱ రంగు కారా; తాళము = తాళపుచెవిని; ఎంతగన్ = ఒకటికి పదిమార్లు; త్రిప్పినన్ = తిప్పినప్పటికిని; దగ్గు తప్పన్ = దగ్గు మాత్రమే గాని (దీని మీద పెద్ద వాదమున్నది, కింద చూడుడు); మాట = ఇంజను యొక్క పలుకు; రాదయ్యెన్ = రాకపోయెను; దీపాలు = డాష్‌బోర్డు దీపములు, ఉపలక్షణముగా హెడ్‌లైట్లును; మసకబారెన్ = వెలవెలబోయెను; ముక్కుపుటములన్ = కవి యొక్కయు, పిల్లల యొక్కయు, చూడవచ్చిన వాచ్‌మన్ యొక్కయు నాసికారంధ్రములను; పెట్రోలు = లక్షణచేత పెట్రోలు వాసన; ముసరికొనియెన్ = చుట్టుముట్టెను; ఏల = ఎందుకు; అలిగితి(వి) = కోపగించితివి; పలుకవే = మాటాడవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'పెట్రోలు' అన్న చోట లక్షణార్థం తీసుకునే ముందు వంగి బండి కిందికి చూడాలి. నేల మీద బొట్లు కనిపిస్తే అది లక్షణ కాదు, సాక్షాత్తు వాచ్యార్థం. అప్పుడు తాళం ముట్టరాదు, పిల్లల్ని దింపాలి, బీడీ కాలుస్తున్న వాచ్‌మన్‌ను దూరంగా పంపాలి, మెకానిక్కును పిలవాలి. పద్యాన్ని తర్వాత చదువుకోవచ్చు. మన కవి వంగి చూశాడు. నేల పొడిగా ఉంది. కాబట్టి వ్యాఖ్య సాగుతుంది.

కాలనిర్ణయం: బండి పేరు కవి చెప్పలేదు. అయినా పద్యంలోనే ఆధారాలున్నాయి. బండి మొరాయించిన చోట హ్యాండిలు ప్రస్తావన లేదు. అంబాసిడర్ల, ఫియట్ల నాటి కవి అయితే రెండో పాదంలోనే ముందు బంపరు కన్నంలో హ్యాండిలు దూర్చి తిప్పేవాడు, మణికట్టుకు దెబ్బ కూడా తగిలించుకునేవాడు. ఇటు చూస్తే పెట్రోలు ముక్కుకు ముసురుకుందంటున్నాడు. ఇంత పచ్చి వాసన కార్బురేటరు బండి సొత్తు. కనుక ఇది 1983 డిసెంబరులో గుర్గావ్‌లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 వంశంలోనిదనీ, అందులోనూ కార్బురేటరు పోయి ఎంపీఎఫ్ఐ (పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటు) రాకముందు పుట్టిన బిడ్డ అనీ తేలుతోంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు, స్టీరింగు దగ్గర చేత్తో లాగే చోకు. ఊహ సరైనదేనని ఆర్‌సీ పుస్తకం చూసి నిర్ధారించుకున్నాం.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో 'దగ్గు తప్ప' అన్న చోట 'టిక్కు తప్ప' అని ఉన్నది. ఆ పాఠం గ్రాహ్యం కాదు. 'తా'కు 'టి'తో యతి చెల్లదు. పైగా నిదానమూ చెల్లదు. దగ్గు వేరు, టిక్కు వేరు. తాళం తిప్పగానే 'టిక్' అని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే సెల్ఫు మోటారుకో దాని సొలినాయిడుకో చేటు వచ్చిందని అర్థం, లేదా టెర్మినలు వదులైందని. 'టిక్‌టిక్‌టిక్‌టిక్' అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించిందని. ఏ చప్పుడూ లేకపోతే, దీపాలు కూడా వెలగకపోతే, బ్యాటరీ నుంచి వైరే ఊడి ఉండొచ్చు. తార్కికులు ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దాలని నాలుగు ప్రమాణాలు చెప్పారు. బండి విషయంలో శబ్దప్రమాణమే అన్నిటికంటే బలీయం. అది వినకుండా బానెట్టు ఎత్తేవాడు శాస్త్రం చదవనివాడు.

పూర్వపక్షాలు: సెల్లారులో చేరినవారు మూడు మతాలుగా చీలారు.

మొదటిది బ్యాటరీ మతం. రెండో ఫ్లోరులో ఉండే విశ్రాంత విద్యుత్తు శాఖ ఉద్యోగి దీనికి ఆచార్యులు. 'దీపాలు మసకబారె' అన్న మాటే తమకు శ్రుతి అంటారు. వారి వాదంలో పస ఉంది. బ్యాటరీలో ఆరు గదులు, గదికి 2.1 వోల్టుల చొప్పున నిండు బ్యాటరీ 12.6 చూపాలి. 12.2కు దిగితే సగం ప్రాణం పోయిందనే లెక్క. సెల్ఫు తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పడితే ఇక దాన్ని నమ్మరాదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమంటారు. దీపం కొంచెం తగ్గితే దోషం కాదు, మంచి బ్యాటరీకీ తగ్గుతుంది. పూర్తిగా ఆరిపోతే బ్యాటరీయో టెర్మినలో. అసలు తగ్గకపోతే, సెల్ఫూ తిరగకపోతే, కరెంటు సెల్ఫు దాకా చేరడమే లేదు. టెర్మినళ్ల మీద పచ్చగా తెల్లగా పూసిన పొడిని వేడినీళ్లూ వంటసోడాతో కడిగి, పొడిగా తుడిచి, బిగించి, పైన వ్యాజిలీన్ రాయాలి. విప్పేటప్పుడు మైనసు ముందు, బిగించేటప్పుడు మైనసు చివర. ఈ క్రమం తప్పితే స్పానరు ఒక కొస ప్లస్సుకు, ఇంకో కొస బాడీకి తగిలి మెరుపులు చూపిస్తుంది.

ఇంత చెప్పినా ఈ మతం నిలవదు. కవిని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే సెల్ఫు మొదట హుషారుగానే తిరిగిందన్నాడు. బ్యాటరీ ముందే చచ్చి ఉంటే సెల్ఫు తిరగదు. సెల్ఫు తిరగకపోతే ఇంజను పెట్రోలు పీల్చదు. పీల్చకపోతే మూడో పాదంలో వాసన ముక్కుకు ముసురుకునేంత రాదు. ఒక్క పాదాన్ని పట్టుకుని తక్కిన మూడింటినీ వదిలేసినవాడు వ్యాఖ్యాత కాడు, సేల్స్‌మన్. కొత్త బ్యాటరీ కొనిపించి వెళ్లిపోతాడు.

రెండోది ప్లగ్గు మతం. పెట్రోలు వస్తోంది, సెల్ఫు తిరుగుతోంది, మరి అంటుకోవడం లేదంటే నిప్పు లేనట్టేగా అంటారు. పొగ ఉంటే నిప్పు ఉంటుందన్న పాత అనుమానాన్ని తిరగేసి, సైలెన్సరులో పొగ లేదు కాబట్టి సిలిండర్లో నిప్పు లేదని సాధిస్తారు. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, దాని మెటలు ఇంజనుకు ఆనించి సెల్ఫు కొట్టించి నీలి నిప్పురవ్వ చూడాలంటారు. మంచి పరీక్షే. అయితే మూడో పాదం ఉండగా చేయరాదు. గాలి నిండా పెట్రోలు ఆవిరి ఉన్నప్పుడు నిప్పురవ్వ వెతకడం పరీక్ష కాదు, లంకాదహనం.

ఈ మతాన్ని కొట్టేసేది మొదటి పాదంలోని 'దగ్గు'. దగ్గంటే సెల్ఫు చప్పుడే అని చాలామంది భ్రమ. సెల్ఫు 'ఖుర్‌ఖుర్' మంటుంది, అది గురక. దగ్గు గుండెల్లోంచి రావాలి, అంటే ఇంజనులోంచి. సెల్ఫు తిరుగుతూ ఉండగా మధ్యమధ్య 'ఫట్' అని ఒకసారి అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోవడమే దగ్గు. కవి కూడా అదే అన్నాడు, నోటితో చేసి వినిపించాడు. ఒక్కసారైనా 'ఫట్' అందంటే నిప్పు ఉన్నట్టే. కాయిలూ, డిస్ట్రిబ్యూటరూ అప్పటికి నిర్దోషులు.

మూడోది వాచ్‌మన్ ప్రవచించిన మూషిక మతం. సెల్లారులో ఎలుకలు వైర్లు కొరికాయంటాడు. వినాయకుడి వాహనం ఇంకొకరి వాహనం మీద పగబట్టడం కొత్తేమీ కాదు. బానెట్టు ఎత్తి టార్చి వేసి చూశాం. వైర్లు బాగున్నాయి.

సిద్ధాంతం: పద్యంలో సంగతులు గణాల కోసం ముందువెనకలైనాయి. జరిగిన వరస వేరు. అన్వయం ఇలా చేసుకోవాలి: మూడో పాదం, తర్వాత మొదటి పాదం, ఆ తర్వాత రెండో పాదం.

కవి చోకు పూర్తిగా లాగాడు. తాళం తిప్పకముందే యాక్సిలరేటరు నాలుగైదు సార్లు తొక్కాడు, అది ఆయన అలవాటు. తొక్కినప్పుడల్లా కార్బురేటరులోని చిన్న పంపు పచ్చి పెట్రోలును లోపలికి చిమ్ముతుంది. ఎండాకాలపు బెజవాడలో ఆ చోకే అనవసరం. అయినా అన్నీ చేశాడు. పెట్రోలు ఎక్కువై ఇంజను ఓవరు అయింది. మూడు ప్లగ్గులూ తడిశాయి. తడిసిన ప్లగ్గు దగ్గుతుంది, పలకదు. పలకలేదని కవి ఇంకా తొక్కాడు, ఇంకా తిప్పాడు. ఈ రెండింటి మధ్య బ్యాటరీ నీరసించి దీపాలు మసకబారాయి. అంటే బండికి మొదట ఉన్నది ఒకే జబ్బు. రెండోది వైద్యం వల్ల వచ్చింది.

నాయికా విచారం: 'పలుకవే' అన్నాడు కనుక బండిని నాయికగా భావించాడు. ఏ నాయిక? అలిగింది కాబట్టి ఖండిత అని కొందరు. కాదు. కవి రెండు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చాడు, బండి అన్నాళ్లూ కవరు కింద ఒంటరిగా ఉంది. అందువల్ల ప్రోషితభర్తృక. రెండు నెలలు నిలబడిన బండిలో బ్యాటరీ కొంత తగ్గుతుంది, కార్బురేటరు గిన్నెలో పెట్రోలు ఎండి జిగురు మిగులుతుంది. ఆ జిగురు సూదికి పట్టుకుని ఫ్లోటు సరిగా మూయకపోయినా ఓవరు అవుతుంది. పోయేముందు బ్యాటరీ మైనసు విప్పి పోవాల్సింది. అది విరహంలో కొంత ఊరట.

తాత్పర్యం: ఓ ఎఱ్ఱ మారుతీ! నేనే నీకు ఎక్కువ తాగించి, తాగలేదని ఇంకా పోసి, చివరికి నీ ఊపిరి కూడా ఖర్చు చేసి, ఇప్పుడు ఎందుకు అలిగావని నిన్నే అడుగుతున్నాను, అని భావం.

ప్రయోగం: చోకు లోపలికి నెట్టాలి. పది నిమిషాలు బండిని వదిలి కాఫీ తాగాలి. వచ్చి యాక్సిలరేటరు నేల దాకా ఒక్కసారి తొక్కి అలాగే పట్టుకోవాలి, పంపు కొట్టినట్టు ఆడించకూడదు. అప్పుడు గాలి ఎక్కువగా పోయి పెట్రోలు పలచబడుతుంది. సెల్ఫు 10 సెకన్లకు మించి కొట్టరాదు, మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి, లేకపోతే సెల్ఫు మోటారు మాడుతుంది. అందుకోగానే కాలు మెల్లగా తీయాలి. వెనక నుంచి నల్లటి పొగ ఒక్కసారి గుప్పుమంటుంది, భయపడనక్కర్లేదు.

బ్యాటరీ సహకరించకపోతే రెండు మార్గాలు. ఒకటి, తోయడం: తాళం ఆన్‌లో, రెండో గేరు, క్లచ్ తొక్కి, వేగం అందాక వదలాలి. సెల్లారు ర్యాంపు మీదికి తోయడం పంచపాండవులకైనా కష్టం, కాబట్టి ఇక్కడ చెల్లదు. రెండోది జంపరు కేబులు. మల్లినాథుడు తన వ్యాఖ్యకు పెట్టిన సంజీవని అన్న పేరు దీనికి అతికినట్టు సరిపోతుంది. ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్సుకు. నలుపు మంచి బ్యాటరీ మైనసుకు, చివరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజను ఇనుముకు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, ఆఖరి నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి.

ఎంపీఎఫ్ఐ బండ్లవారికి ఈ పద్యం సగమే వర్తిస్తుంది. వారికి చోకు లేదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా 'జుమ్' అని పెట్రోలు పంపు పలకాలి, పలకకపోతే ముందు ఫ్యూజూ రిలే చూడాలి. ఏ బండి అయినా సెల్ఫు మామూలు కంటే తేలిగ్గా, గాలిలో తిరిగినట్టు తిరిగితే టైమింగు బెల్టు తెగి ఉండొచ్చు. ఇక తాళం తిప్పవద్దు.

ఎఱ్ఱ బండి రెండో ప్రయత్నంలో పలికింది. మర్నాడు ఆటోనగర్‌లో ఫ్లోటు సూది కడిగించారు, టెర్మినళ్లు బిగించారు. పాఠకులకు ఒక్క మనవి. మెకానిక్కుకు ఫోను చేసినప్పుడు 'బ్యాటరీ పోయిందయ్యా' అని తీర్పు చెప్పకండి. మొదట ఏ చప్పుడు వచ్చింది, తర్వాత ఏ వాసన వచ్చింది, దీపాలు ఎప్పుడు తగ్గాయి అన్నది జరిగిన వరసలో చెప్పండి. తీర్పు ఆయన చెబుతాడు.