ముద్ర పడకుండా ఉండాలంటే

పద్దెనిమిదేళ్లుగా సినిమాల్లో డాక్టరు వేషం వేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్లోంచి వచ్చి, మాస్కు కిందికి లాగి, "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అనేది నేనే. ఒకే వేషంలో ఇరుక్కోకుండా తప్పించుకోవడం ఎలాగో చెప్పడానికి కృష్ణానగర్ మొత్తమ్మీద నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు.

ముందు చెప్పేది, ఏ వేషమూ బాగా వెయ్యకండి. అనర్థమంతా అక్కడే మొదలవుతుంది. సూర్యకాంతమ్మగారు ఎడమచెయ్యి తిప్పుతూ గయ్యాళి అత్తని అంత బాగా చెయ్యబట్టే కదా, జనం ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికే జంకారు! నాలుగు డైలాగులు మింగేసి ఉంటే ఈపాటికి వీధికో సూర్యకాంతం ఉండేది. ఎస్వీ రంగారావుగారిది మరో రకం పొరపాటు. 1951లో నేపాళ మాంత్రికుడు, 1957లో ఘటోత్కచుడు, 1963లో కీచకుడు. అన్నీ బాగా వేసేస్తే ఆయన్ని ఏ ఖాతాలో రాసుకోవాలి పాపం మేనేజర్లు?

తర్వాత ఇంటిపేరు జాగ్రత్త. మన పరిశ్రమకి తాతల నాటి ఇంటిపేరు పీకేసి సినిమా పేరు తగిలించడం సరదా. సాక్షి రంగారావు, శంకరాభరణం రాజ్యలక్ష్మి, శుభలేఖ సుధాకర్, వెన్నెల కిశోర్... 2021లో 'నాంది'లో జైలుపాలై, చావుదెబ్బలు తిన్నా నరేష్‌ని జనం 'అల్లరి' నరేష్ అనే అంటున్నారు. దీనికి విరుగుడు ఒకటే, విడుదలకాని సినిమాల్లో నటించడం. నావి పదకొండు ల్యాబులో మగ్గుతున్నాయి. నా ఇంటిపేరు చెక్కుచెదరలేదు.

ఫోటోషూటా? నవరసాలూ ఒకే చొక్కాలో దిగండి. చాకలి ఖర్చు మిగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పాత రకం వేషాలొస్తే మొహం మీదే కాదనాలి. నేనొకసారి "హీరో తండ్రి వేషమైతేనే చెయ్యండి ఫోను" అన్నాను. ఆర్నెల్లు ఫోను మోగలేదు. ఏడో నెల్లో ఇంటి ఓనరు నాకు అద్దె ఎగ్గొట్టేవాడి వేషం ఇచ్చాడు. ఆ ముద్ర ఇంకా పోలేదు.

ముద్రల స్వభావమే అంత లెండి. కుటుంబ కథల హీరో జగపతిబాబుగారు 2014లో 'లెజెండ్'లో విలనయ్యారు. పాత ముద్ర పోయింది, విలన్ ముద్ర పడింది. అందుకే పాతదాన్ని చెరుపుకోవాలని తొందరపడకండి. వచ్చేది ఏ కొలతల్లో వస్తుందో, మన కోటు దానికి పనికొస్తుందో లేదో! నా తెల్లకోటు నాలుగు వేలు పెట్టి సొంతంగా కుట్టించుకున్నది మరి.

ఇది రాస్తుండగానే కో-డైరెక్టరు ఫోన్ చేశాడు.

"అన్నా, రేపు పొద్దున్నే ఏడింటికి. ఈసారి నీకు కొత్త రకం వేషం."

"ఏంటి తమ్ముడూ?"

"పశువుల డాక్టరు. కోటు తెచ్చుకో."

చూశారా, చిట్కాలు పనిచేస్తున్నాయి!