ముల్లు మీద రూపాయి బిళ్ల

మా ఇంట్లో రికార్డు ప్లేయర్ ఏనాడూ లేదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే వచ్చినవాళ్లందరికీ నేను వేరేలా చెప్పుకున్నాను. "తాత కాలం నుంచి వస్తున్న అలవాటు" అన్నాను. మల్యాలలో మా తాతకు ఉన్న అలవాట్లు రెండే: చుట్ట, పంచాయితీ. పెళ్లిపందిట్లోకి మైకు సెట్టు వస్తే పాట ఆయన చెవిన పడేది, లేకుంటే లేదు. తర్వాత మా పెదనాయన దుబాయి నుంచి టూ-ఇన్-వన్ పట్టుకొచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ చాలా ఇండ్లలో జరిగింది ఇదే. ముల్లూ ప్లేట్లూ మైకు సెట్టు వాళ్ల సొత్తు, ఇంట్లోకి సొంతంగా వచ్చిన మొదటి పాటల పెట్టె మాత్రం గల్ఫ్ క్యాసెట్ ప్లేయర్. మధ్యలో ఉండాల్సిన మెట్టు మేం ఎక్కనే లేదు. ఎక్కని ఆ మెట్టు గుర్తుకొస్తున్నట్టు నటించడానికి నేను 15 వేలు పక్కన పెట్టాను.

ఆ డబ్బును ఏ వరుసలో తగలేశానో చెబితే నా తెలివి అర్థమవుతుంది. ముల్లుతో మొదలుపెట్టాల్సిన పనిని నేను స్పీకర్లతో మొదలుపెట్టాను. స్పీకర్లు కనబడతాయి కదా! మా వాడకట్టులో ఒకప్పుడు మైకు సెట్టు నడిపిన కాక ఉన్నాడు. డీజేలు వచ్చాక దుకాణం మూసేశాడు. ఆయన దగ్గరి పాత ఆహుజా ఆంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్ డబ్బాలు రెండు 6 వేలకు బేరమాడి ఆటోలో వేసుకొచ్చాను. అవి వీధి చివరి మనిషికి కూడా మాట వినబడాలని చేసిన వస్తువులు. వాటిని పడకగదిలో నిలబెట్టాను.

"గింత అర్రకు గంత మైకా? ఎవలికి ప్రచారం జేస్తవ్?" అంది మా ఆవిడ.

మిగిలిన దాంట్లో 8 వేలు పెట్టి హైదరాబాదులో వాడిన టర్న్‌టేబుల్ ఒకటి కొన్నాను. బెల్టుతో తిరిగేది, చూడ చక్కనిది. ఇక ప్లేట్లకు డబ్బెందుకు, కాక ఇంట్లో ట్రంకు నిండా ఉన్నాయి, ఊరికే ఇస్తానన్నాడు. ట్రంకు తెరిచాక గాని తెలియలేదు, అందులో ముప్పాతిక మూడువంతులు 78 స్పీడు లక్క ప్లేట్లని. నా టర్న్‌టేబుల్ 33, 45 స్పీడుల్లోనే తిరుగుతుంది. తిరిగినా లాభం లేదు, లక్క ప్లేటు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు మొన 18 మైక్రాన్ల చిల్లర. అది వెడల్పు గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది. కొనేముందు ట్రంకు మూత ఎత్తి చూస్తే సరిపోయేది. పాశ్చాత్య దేశాలు లక్కను వదిలేశాక కూడా మన దగ్గర ఆ ప్లేట్లు అచ్చయ్యాయి. 1960లలో బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 స్పీడులో వచ్చాయి, వాటికిప్పుడు విదేశాల్లో మంచి గిరాకీ. ఆ ఆశతో ట్రంకు అడుగుదాకా తవ్వాను. దొరికింది బుర్రకథ.

అయినా నాలుగు ఎల్పీలు తేలాయి. వాటిలో ఒకటి ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక విడుదలై ఊరూరి గుళ్లకెక్కింది. మా ఊరి పక్కనే కొండగట్టు. ఆ గొంతు మైకులో వినకుండా మేమెవరం పెరగలేదు. అదే పెట్టాను.

తగరం డబ్బాలో తేనెటీగ పడ్డట్టు వినిపించింది.

ఇక్కడే నేను అసలైన మూర్ఖత్వం చేశాను. ఏదో తేడా ఉందని నాకు తెలుసు. తెలిసీ, కూర్చోబెట్టిన చుట్టాలతో "ఇదే అసలు శబ్దం, మనం ఫోన్లకు అలవాటుపడి చెవులు పాడుచేసుకున్నాం" అన్నాను. వాళ్లు తలలూపారు. ఒకాయన కళ్లు కూడా మూసుకున్నాడు. మా ఆవిడ ఒక్కతే "ఫోన్ల బాగనే వస్తది గదా" అని వంటింట్లోకి పోయింది.

ప్లేటు కోసేటప్పుడు లోస్వరాలను కావాలనే తగ్గిస్తారు, లేకుంటే గాడి ఊగి పక్క గాడిలోకి పోతుంది. పైస్వరాలను పెంచుతారు, గీతల గరగర కింద అవి మునిగిపోకుండా. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. ఎంత పెంచాలి, ఎంత దించాలి అనేది 1954 నుంచి అమెరికా రికార్డు కంపెనీలు ఒప్పుకున్న లెక్క, తర్వాత లోకమంతా అదే నడిచింది. పైగా అయస్కాంతపు ముల్లు నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ రంధ్రానికి వందల్లో కావాలి. ఈ రెండు పనులూ చేసేదే ఫోనో ప్రీ ఆంప్. అది లేకుండా విన్న గీతనే నేను అసలు శబ్దమని అమ్మాను.

కోఠి గుజరాతీ గల్లీకి పోయి ప్రీ ఆంప్ బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు, రేకు డబ్బా కొని బిగించాను. ఘంటసాల గొంతుకు ఛాతీ వచ్చింది. గర్వంతో ఊరంతా తిరిగాను. కొన్నాళ్లకు మేనల్లుడు దుమ్ము తుడుస్తూ "మామా, ఈ స్విచ్ ఏంది?" అన్నాడు. టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని రెండు గుర్తులు. ప్రీ ఆంప్ దాని కడుపులోనే ఉంది! అంగుళం పొడవు లేని ఆ స్విచ్‌ను పక్కకు జరపడానికి బదులు నేను హైదరాబాదు పోయొచ్చాను.

అప్పటికి ఇంకో పాపం కూడా చేసి ఉన్నాను. ముల్లు గాడి దాటి దూకుతుంటే కాకను అడిగాను. "రూపాయి బిళ్ల పెట్టు తమ్మీ, మేం గట్లనే పెడ్తుంటిమి" అన్నాడు. పెట్టాను. బిళ్ల 3.79 గ్రాములు. నా ముల్లు మోయాల్సిన బరువు రెండు గ్రాముల లోపు. కాక కాలపు మొద్దు ముళ్లు అయిదారు గ్రాములు నొక్కితేనే నడిచేవి, ఆయన సలహాలో తప్పులేదు, వస్తువు వేరు. గీత మొదటివైపు ఇప్పుడు "స" పలికిన చోటల్లా ఉమ్మినట్టు వినిపిస్తుంది. అరిగిన గాడి తిరిగి రాదు. ముల్లు దూకడానికి అసలు కారణం బరువు కాదు. స్పీకర్లను, టర్న్‌టేబుల్‌ను ఒకే బల్ల మీద పెట్టాను, పాట అదురు మళ్లీ ముల్లులోకే ఎక్కుతోంది. పెరట్లో పడున్న షాబాదు బండ తెచ్చి గోడవార వేసి, టర్న్‌టేబుల్‌ను దాని మీదికి మార్చాను. దూకుడు ఆగింది. ఆ బండకు పైసా కాలేదు.

15 వేలతో ఇది చేయలేని పని కాదు. లోపలే ప్రీ ఆంప్ ఉండి, ముల్లు మార్చుకునే వీలున్న టర్న్‌టేబుల్‌కు సగానికి పైగా పెట్టాలి. కొత్త ముల్లుకు కొంత విడిగా తీయాలి, ఎందుకంటే వాడిన టర్న్‌టేబుల్‌తో వచ్చే ముల్లు ఎన్ని గంటలు నడిచిందో అమ్మినవాడికీ తెలియదు. కంప్యూటర్ పక్కన పెట్టుకునే మంచి స్పీకర్లు చాలు. మిగిలింది ప్లేట్లకు. నేను దీన్ని తిరగేసి నడిచాను. ఎవరైనా వస్తే ముందు పెద్ద డబ్బాలు కనబడాలి అనుకున్నవాడికి ఇంకో వరుస తోచదు.

ఆ డబ్బాలను కాకకే తిరిగి ఇవ్వబోయాను. 2 వేలిస్తానన్నాడు, అదీ దసరా తర్వాత. ప్లేట్ల ట్రంకు మాత్రం వద్దన్నాడు. "అవి నీకే ఉండనియ్. కోరుట్లల మావోని తాన మూడు స్పీడుల డెక్కు ఒకటున్నది, రబ్బరు చక్రం గట్టిపడ్డది గని మోటరు మంచిగనే తిరుగుతది. 78 ముల్లు సుత వస్తది."

ధర అడిగాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.