తప్పు కనబడగానే దిద్దకండి: కొత్త వెర్షన్ విడుదల చేసేవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

ఒక రాత్రి పదకొండింటికి ఒక తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, నిన్నటిదాకా సరిగ్గా ఉన్న నా ఉత్పలమాల ఇవాళ 19 అక్షరాలంటోంది. పద్యం తప్పా, నీ లైబ్రరీ తప్పా?" అని అడిగారు.

తెలుగు మాటల్ని అక్షరాలుగా విడదీసే చిన్న లైబ్రరీ ఒకటి నేను పైథాన్‌లో రాసి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా స్వేచ్ఛగా వదిలాను. మాస్టారు దాని మీద ఛందస్సు చూసే ప్రోగ్రాము కట్టుకున్నారు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలుండాలి. నా లైబ్రరీ మొదట్నుంచీ పొల్లును విడి ముక్కగా ఇచ్చేది. "రామున్" అంటే రా, ము, న్ అని మూడు. ఛందస్సులో అది తప్పు. పొల్లు ముందున్న అక్షరంలో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుంది. అందుకని ఆ సాయంత్రమే దిద్ది కొత్త వెర్షన్ విడుదల చేశాను. ఇకమీదట రా, మున్ అని రెండే. కానీ మాస్టారు నా తప్పును ఏనాడో కనిపెట్టారు. పొల్లుతో ముగిసే ముక్క వస్తే దాన్ని ముందు ముక్కకు అతికించే రెండు లైన్లు తన ప్రోగ్రాములో రాసుకున్నారు. నేను దిద్దిన తర్వాత ఆ రెండు లైన్లూ "మున్"ను తీసుకెళ్లి "రా"కు అతికించాయి. పాదంలో ఒక అక్షరం పోయింది.

వ్యాకరణం నా పక్షానే ఉంది, అయినా తప్పు నాదే. పద్యంలో ఏ దోషమూ లేదని ఆయనకు చెప్పి, పాత వెర్షన్‌కు ఎలా వెళ్లాలో ఫోన్‌లోనే చెప్పాను. అప్పటినుంచీ నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు కొన్ని సలహాలు ఇస్తున్నాను. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. నాకు మాత్రం వాటి మీద పూర్తి నమ్మకముంది. నా లైబ్రరీ పిట్టంత. వీటిలో ఎక్కువ భాగం నేను నేర్చుకున్నది పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ విడుదలల్ని ఏళ్ల తరబడి గమనించడం వల్ల. తేదీలు లెక్కపెట్టడం, ఫైళ్లు చదవడం, అక్షరాలు పోల్చడం, నెట్‌వర్క్‌తో మాట్లాడటం వంటి పనులన్నిటికీ అందులో సామాను ఉంటుంది. దాన్ని విడిగా ఎవరూ దించుకోరు. భాషతో పాటే ఇంటికొస్తుంది కాబట్టి అదొకటుందని తెలియనివాళ్లు కూడా దాని మీదే బతుకుతుంటారు. అందులో ఒక పేరు మార్చినా దెబ్బ తగిలేది వాళ్లకే.

మొదటి సలహా మాస్టారి ఫోనుతోనే వచ్చింది. తప్పు కనబడగానే దిద్దకండి. దాని మీద ఎవరు ఆనుకుని ఉన్నారో ముందు చూడండి. పైథాన్‌లో గంటలు, నిమిషాలు పట్టుకునే ఒక వస్తువు ఉంది. చాలా ఏళ్లు అందులో అర్ధరాత్రి 00:00 అంటే "ఏమీ లేదు" అన్న లెక్కలోకి వచ్చేది. "సమయం ఇచ్చారా?" అని ప్రోగ్రాము అడిగితే తెల్లవారుజాము అయిదింటికీ, పగలు పన్నెండింటికీ "ఇచ్చారు" అనే జవాబు వచ్చేది. సరిగ్గా అర్ధరాత్రికి మాత్రం "ఇవ్వలేదు" అనేది. పగలంతా పనిచేసి అర్ధరాత్రి మాత్రమే తప్పే ప్రోగ్రామును పట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట దొరికిన సమాధానం, అది రాసిపెట్టినట్టే పనిచేస్తోందని. నిజమే, డాక్యుమెంటేషన్‌లో ఆ మాట ఉంది. వాదనలన్నీ అయ్యాక 2015లో వచ్చిన 3.5 వెర్షన్‌లో దాన్ని మార్చారు. అప్పటికే జనం చేతుల్లో ఉన్న 2.7లో మాత్రం ముట్టుకోలేదు. చాలామంది దీన్ని మొండితనమన్నారు. నాకది మర్యాదగా కనిపిస్తుంది. చిల్లర మరమ్మతుల వెర్షన్ వేసుకునేవాడు ఏమీ మారదన్న నమ్మకంతో వేసుకుంటాడు. పెద్ద వెర్షన్‌కు మారేవాడు ఒక సెలవురోజు చూసుకుని, కాఫీ పెట్టుకుని, సిద్ధపడి మారతాడు. ఎంత మంచి దిద్దుబాటైనా ఆ సిద్ధపడినవాడికే ఇవ్వాలి.

పని పూర్తికాకపోయినా ముహూర్తం జరపకండి. ఇది రెండోది. "ఇంకొక్క వారం ఆగితే నా సదుపాయం కూడా ఎక్కుతుంది" అనేవాడు ప్రతి విడుదలకూ ఒకడుంటాడు. వాడికోసం ఆగితే ఆ వారంలో ఇంకొకడు తయారవుతాడు. 2020 అక్టోబరులో వచ్చిన 3.9 నుంచి పైథాన్ ఏడాదికొకసారి, అక్టోబరులో, కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. వేసవిలో మొదటి బీటా వస్తుంది. అప్పటినుంచి కొత్త సదుపాయాలకు తలుపు మూసేస్తారు. ఆ తర్వాతి నెలలన్నీ తప్పులు ఏరడానికే. ముహూర్తం తెలిసిన పెళ్లికి చుట్టాలు వేళకు వస్తారు, రాలేకపోయినవాళ్లు తర్వాతి పెళ్లికి వస్తారు. తేదీ ఖాయంగా ఉంటే తొందరపాటు తగ్గుతుంది. బస్సు మళ్లీ ఏడాదికి వస్తుందని తెలిసినవాడు సగం ఉడికిన కోడును లోపలికి తోయడు. ఎప్పుడొస్తుందో తెలియనివాడే తోస్తాడు.

మంచి సామానును లోపలికి రానివ్వకండి అంటే కుర్రాళ్లు నా మొహం వంక చూస్తారు. ఇంటర్నెట్‌లో ఏదైనా తెచ్చుకోవాలంటే పైథాన్ వాడేవాళ్లలో ఎక్కువమంది "రిక్వెస్ట్స్" అనే లైబ్రరీ వాడతారు. దాన్ని భాషలోకే చేర్చేద్దామన్న చర్చ జరిగి, 2015లో బయటే ఉంచాలని తేలింది. భద్రతకు సంబంధించిన లోపం బయటపడితే అలాంటి లైబ్రరీ అదే రోజు కొత్త వెర్షన్ ఇవ్వాలి. భాష లోపలికి వెళ్లిందంటే భాష విడుదలయ్యేదాకా అది కూడా ఆగాలి. ఉమ్మడి కుటుంబంలో కాపురం పెట్టినవాళ్లు ఎవరి వేళకు వాళ్లు వంట చేసుకోలేరు గదా. కాబట్టి స్టాండర్డ్ లైబ్రరీలోకి రావాల్సింది ఇక పెద్దగా మారే పని లేనిది. పరుగులు పెడుతున్నదాన్ని బయట పరిగెత్తనివ్వాలి.

ఇప్పుడు నేను మనసుపెట్టి చెప్పాలనుకున్నది. తీసేసినదాన్ని సిగ్గుపడకుండా తిరిగి పెట్టండి.

2008 డిసెంబరు 3న పైథాన్ 3.0 వచ్చింది. పాత ప్రోగ్రాములు దానిమీద నడవవని ముందే చెప్పి మరీ విడుదల చేశారు. నేను ఆ మార్పు పక్షమే. తెలుగు రాసేవాడెవడైనా దాని పక్షమే ఉండాలి. పైథాన్ 2లో మామూలుగా "తెలుగు" అని రాసి పొడవు అడిగితే 18 అనేది, ఎందుకంటే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ మాట పట్టే బైట్లు 18. పైథాన్ 3లో 6 అంటుంది. త, ల, గ అనే మూడు హల్లులు, వాటి మీది ఎత్వం, రెండు ఉత్వాలు కలిసి యూనికోడ్‌లో ఆరు. మన పలకమీద అది మూడక్షరాలే, అక్కడిదాకా రావాలంటే నాలాంటివాడి లైబ్రరీ ఇంకా కావాలి. అయినా 18 నుంచి 6కు రావడమంటే గడప దాటి లోపలికి వచ్చినట్టే. పాత పద్ధతిలో మాటను మధ్యలో కోస్తే అక్షరం కూడా చీలి, తెరమీద ప్రశ్నార్థకాలు, పెట్టెలు కనిపించేవి. వాటితో నేను పడ్డ రాత్రులు లెక్కలేవు.

కానీ అదే 3.0 ఒక అన్యాయం చేసింది. పాత పైథాన్‌లో జాగ్రత్తగలవాళ్లు తెలుగు మాట ముందు "యూ" అనే గుర్తు పెట్టేవారు. ఇది బైట్ల మూట కాదు, రాత అని చెప్పే గుర్తు అది. 3.0లో అన్నీ రాతే కాబట్టి ఆ గుర్తు అక్కర్లేదన్నారు. అక్కర్లేదంటే సరిపోయేది, కానీ కనిపిస్తే ప్రోగ్రామే చదవనన్నారు. అంటే ఇన్నేళ్లూ నిర్లక్ష్యంగా రాసినవాడి ఫైలు కొంతైనా ముందుకు సాగేది. ఒద్దికగా రాసినవాడి ఫైలు మొదటి లైన్లోనే ఆగిపోయేది. జాగ్రత్తగా ఉన్నవాడికి శిక్ష వేసే విడుదలను నేను క్షమించలేను. 2012లో వచ్చిన 3.3లో ఆ గుర్తును తిరిగి అనుమతించారు. దానికి కొత్తగా పనేమీ లేదు, ఉంటే ఉండనిస్తారు, అంతే. దాంతో ఒకే ఫైలు పాత పైథాన్‌లోనూ కొత్తదాంట్లోనూ నడిచే దారి పడింది. ఇదొక్కటే కాదు. ఒక వస్తువును ఫంక్షన్‌లా పిలవొచ్చో లేదో చెప్పే "కాలబుల్"ను 3.0లో తీసేసి 3.2లో వెనక్కి తెచ్చారు. బైట్లలో శాతం గుర్తుతో విలువలు పూరించే పద్ధతిని 3.5లో తిరిగి ఇచ్చారు. పాత 2.7కు మద్దతు 2015లో ఆపాలనుకుని, 2014లోనే ఆ గడువును 2020కి పొడిగించారు.

వీటిలో దేన్నీ నేను ఓటమి అనుకోను. జనం పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి పెద్ద ఎత్తున కదిలింది ఈ వెనకడుగుల తర్వాతే. అన్నమాట మీద నిలబడటం మనుషుల మధ్య గొప్ప గుణం కావచ్చు. లైబ్రరీ నడిపేవాడికి మాత్రం పొరపాటు చేశానని ఒప్పుకుని తీసినదాన్ని తిరిగి పెట్టడమే గొప్ప.

మీ హెచ్చరికను ఎవరూ చదవలేదనే అనుకోండి. ఇది నిరాశతో చెప్పే మాట కాదు, లెక్క చూసి చెప్పేది. "కలెక్షన్స్" అనే మాడ్యూల్లో ఉండే "మ్యాపింగ్" వంటి కొన్ని పేర్లకు 2012లో, 3.3లో, వేరే ఇల్లు కట్టారు. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కూడా కొత్త ఇంటికి పంపే ఏర్పాటు ఉంచారు. తర్వాత హెచ్చరిక పెట్టారు, 3.8లో పాత చిరునామా పనిచేయదని. 3.8 వచ్చింది, తీయలేదు. 3.9లో తీయబోయి, 2.7 మద్దతు అప్పుడే ముగిసింది, జనం ఊపిరి తీసుకోనివ్వండి అని ఆగారు. చివరికి 2021లో, 3.10లో తీశారు. తొమ్మిదేళ్లు ఇచ్చినా ఆ వారం ఎన్ని లైబ్రరీలు విరిగిపడ్డాయో చూసినవాణ్ని నేను. మరి ఎప్పటికీ తీయకూడదా? తీయాలి. 2019లో ప్రతిపాదించి 2022లో ఆమోదించిన ఒక పథకం ప్రకారం, వాడుకపోయిన 19 మాడ్యూళ్లను 3.11లో వద్దని చెప్పి, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో తొలగించారు. ఎవరూ కన్నెత్తి చూడని మాడ్యూలు ఊరికే పడి ఉండదు. భద్రతా లోపం వస్తే దాన్ని కూడా ఎవరో స్వచ్ఛందంగా కూర్చుని దిద్దాలి. కాబట్టి తీయండి. తీసే రోజు మాత్రం ఒక్కరికి కూడా తెలియదన్న లెక్కతో, ఆ పేరు బదులు ఏం వాడాలో ఎర్రర్ మెసేజిలోనే చెప్పండి. విడుదల నోట్స్ వెతికే ఓపిక అర్ధరాత్రి ఎవరికీ ఉండదు.

ఇక్కడే చిన్న మాట. 3.9 తర్వాత 3.10 వచ్చినప్పుడు, వెర్షన్ నంబరులో మొదటి మూడు గుర్తులే చూసే ప్రోగ్రాములు దాన్ని 3.1 అనుకున్నాయి. నంబరు పెంచడమొక్కటే చేసినా విరిగేది ఉంటుంది.

అందరూ దాటేసే లైన్లనే విడుదల నోట్స్‌లో ముందు చదవండి. పాత తెలుగు పుస్తకాల్లో నకారపొల్లుకు విడిగా ఒక రూపం కనిపిస్తుంది. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో దానికి సొంత స్థానం దొరికింది. పైథాన్ 3.11 నోట్స్‌లో "యూనికోడ్ పట్టిక 14కు మార్చాం" అనే అర్థంలో ఒక్క లైనుంది. పేర్లు ఊరేగే పెద్ద సదుపాయాల కింద అది కనబడదు కూడా. 3.10ని అడిగితే ఆ నకారపొల్లు అక్షరమే కాదంటుంది, 3.11 అక్షరమంటుంది. పాత ప్రతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లకు ఆ విడుదల మొత్తంలో పనికొచ్చింది ఆ ఒక్క లైనే కావచ్చు. దాన్ని రాసినవాళ్లకు బహుశా తెలుగు రాదు. అయినా వేళకు చేశారు.

నా లైబ్రరీలో ఇప్పుడు పొల్లును విడదీసే పాత పద్ధతీ, కలిపే కొత్త పద్ధతీ వేర్వేరు పేర్లతో రెండూ ఉన్నాయి. పాతదాన్ని తీసే తేదీ ఇంకా పెట్టలేదు. మాస్టారితో మాట్లాడకుండా పెట్టను.

ఇక మీతో ఒక మనవి. అక్టోబరు విడుదలకు ముందు రెండు నెలలు పైథాన్ వాళ్లు రిలీజ్ క్యాండిడేట్ ఇస్తారు. ఖాయం చేసే ముందు మీరూ ఒకసారి చూడండని అడగడమే అది. మన దగ్గర పైథాన్ నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ రెండు నెలల్లో ఒక ఆదివారం మీ ప్రోగ్రామును దానిమీద నడిపి చూడండి. ఏదైనా విరిగితే ఎక్కడ విరిగిందో నాలుగు లైన్లు రాసి వాళ్లకు పంపండి. అక్టోబరు దాటాక రాస్తే అది అందరి ఇంటికీ వెళ్లిపోయి ఉంటుంది.