స్నేహబృందానికో కన్వీనరు

పొద్దున్న ఎనిమిది కావడానికి ఇంకా రెండు నిమిషాలుండగా, బ్రష్షు నోట్లోనే పెట్టుకుని, ఎదురుగా లాప్‌టాపు, చేతిలో ఫోను, పక్కన ఆరుగురి పేర్లూ వయసులూ ఎవరికి లోయర్ బెర్తు కావాలో రాసుకున్న కాగితమూ పరుచుకుని, ఐఆర్‌సీటీసీ తెర వైపు గుడ్లప్పగించి చూస్తున్న మనిషి కనబడితే, అతని ఇంట్లో ఏదో ఆపద వచ్చిందని కంగారు పడకండి. అతను రెండు నెలల తర్వాత తన స్నేహితుల్ని అరకు తీసుకెళ్తున్నాడు. ఆ స్నేహితులు ఈ సమయానికి నిద్రపోతున్నారు. ప్రయాణం ఖాయమైన సంగతి వాళ్లలో సగంమందికి ఇంకా తెలియదు. ఇతనే కన్వీనరు. ఎన్నిక జరగని పదవి, జీతం లేని ఉద్యోగం, ఇంతవరకూ ఎవరూ శాలువా కప్పని సేవ. ముందస్తు రిజర్వేషను గడువును రైల్వేవాళ్లు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించినప్పుడు చాలామంది గొణుక్కున్నారు గానీ కన్వీనరు లోలోపల సంతోషించాడు. నాలుగు నెలల ముందు అడిగితే "అప్పటికి బతికుంటే చూద్దాంలే" అనేవాళ్లు. రెండు నెలలంటే బతికుంటామనే నమ్మకం ఎవరికైనా కాస్త ఉంటుంది. అయితే రైల్వేవాళ్లు ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి ఎక్కించుకోరు. ప్రతి బృందంలోనూ ఏడోవాడు ఒకడుంటాడు. అతను చివరి వారంలో నిద్ర లేచి "నేనూ వస్తున్నా మామా" అంటాడు. అప్పుడు కన్వీనరు బ్రష్షు మళ్లీ నోట్లో పెట్టుకుని తత్కాల్ కోసం కూర్చుంటాడు. ఏసీ అయితే పదింటికి, స్లీపరయితే పదకొండింటికి. ఆ వేళకు నోట్లో బ్రష్షు అక్కర్లేదు, కానీ అలవాటు.

ఇతన్ని చూసి నవ్వడం సులువు. నవ్వాల్సిందే కూడా. అరకు అనుకున్న రోజున వాట్సాప్‌లో 'అరకు' అని ఒక గ్రూపు పెడతాడు. మాటలు క్రికెట్టు మీదికి మళ్లేసరికి 'అరకు ఫైనల్' అని ఇంకోటి పెడతాడు. అందులో ఒకడు గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడం మొదలెట్టాక 'అరకు ఫైనల్ - ఓన్లీ ప్లాన్' పుడుతుంది. శనివారం బయల్దేరదామా, ఆదివారమా అని పోల్ పెడితే మిగతా ఆరుగురిలో ఇద్దరు రెండింటికీ ఓటేస్తారు, ఇద్దరు చూసి ఊరుకుంటారు, ఒకడు "శుక్రవారమైతే బావుండేదిరా" అని రాస్తాడు, ఒకడు బొటనవేలు పెడతాడు. ఆ వేలు శనివారానికో ఆదివారానికో శుక్రవారానికో పెట్టినవాడికి కూడా తెలియదు. ఈ సమాచారాన్నంతా ముందేసుకుని కన్వీనరు సీరియస్‌గా ఆలోచించి, "మెజారిటీ శనివారానికే ఉంది" అని ప్రకటిస్తాడు. ఎన్నికల సంఘం చూస్తే మూర్ఛపోయే లెక్క అది. కానీ ఆ లెక్క లేకపోతే ఎవరూ ఎక్కడికీ కదలరు. నగరంలో స్నేహాలు నిలబడుతున్నది ప్రేమాభిమానాల మీద కాదు, ఇలాంటి ఒక మనిషి మొండితనం మీద. ప్రేమాభిమానాలు అందరికీ ఉన్నాయి. తేదీ ఇతని దగ్గర మాత్రమే ఉంది.

హైదరాబాదు సంగతే చూడండి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలుపుకుని నగరపాలిక కాస్తా మహానగరపాలిక అయింది. ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు తిరిగింది. ఒకే హాస్టల్లో ఒకే బకెట్టుతో స్నానాలు చేసినవాళ్లు ఒకడు మియాపూర్లో, ఒకడు కొంపల్లిలో, ఒకడు ఎల్బీనగర్లో అపార్టుమెంట్లు కొనుక్కుని ఇరవయ్యేళ్ల ఈఎంఐలకు కట్టుబడ్డారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. మెట్రో వస్తే ఇక కలుసుకోవడం తేలికన్నారు. వచ్చింది. ట్రాఫిక్కు అనే పాత సాకు పోయి, స్టేషను దగ్గర ఆటోవాడు రానంటున్నాడనే కొత్త సాకు దొరికింది. దూరాన్ని ఇంజనీర్లు తగ్గించగలరు. "ఈ వారం కాదులేరా" అనే మాటకు ఫ్లైఓవరు కట్టడం వాళ్లవల్ల కాదు.

ఇక్కడ పాతకాలపువారు ఒక అభ్యంతరం చెబుతారు. నిజమైన స్నేహానికి ప్రోగ్రాములేమిటి, పోళ్లేమిటి? అనుకోకుండా కలవడంలో ఉన్న మజా వేరు కదా, ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పి, ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటూ, రాజకీయాల నుంచి రాజ్ కపూర్ దాకా మాట్లాడుకున్న సాయంత్రాలకు ఎవడు కన్వీనరు అని. బాగుంది. ఆ సాయంత్రాల్ని నేను తక్కువ చేయను. కానీ ఆ 'అనుకోకుండా' వెనక ఎంత ఏర్పాటు ఉందో చూడండి. అందరి ఇళ్లూ నాలుగు వీధుల లోపల. అందరి ఆఫీసులూ ఐదింటికే వదిలేవి. అర కప్పు చాయ్‌కి రెండు గంటలు పాలరాతి బల్ల ఆక్రమించుకున్నా హోటలాయన లేచిపొమ్మనేవాడు కాదు. ఆ ఏర్పాటంతా ఊరే చేసిపెట్టింది, అందుకని కంటికి కనపడలేదు. ఊరు ఇప్పుడా పని మానేసింది. ఇతను చేస్తున్నాడు, చేతకాని చోట కాస్త చప్పుడు చేస్తూ చేస్తున్నాడు. ఇవాళ పాత మిత్రులు అనుకోకుండా కలిసే చోట్లు రెండే మిగిలాయి: ఎవరి పిల్ల రిసెప్షనులోనో బఫే వరసలో, లేదా ఎవరైనా పోయినప్పుడు ఆ ఇంటి గుమ్మం దగ్గర. రెండోచోట "మనం బావున్నప్పుడే ఒకసారి తీరిగ్గా కూర్చోవాల్రా" అని అందరూ గట్టిగా అనుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు, చెప్పులు వేసుకుంటారు. ఆ మాటను ఇంటికి పట్టుకెళ్లి, క్యాలెండరు తీసి, ఎవరి కూతురికి పరీక్షలు ఎప్పుడో, ఎవరి అత్తగారి కంటి ఆపరేషను ఎప్పుడో చూసి, వాటి మధ్య సందు వెతికేవాడు మాత్రం ఒక్కడే.

రెండో ఆక్షేపణకు పదునెక్కువ. ఇదంతా పెత్తనం యావ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, నలుగుర్నీ తన చెప్పుచేతల్లో ఉంచుకోవాలని కాకపోతే అని. పెత్తనం కోరేవాణ్ని మనందరం ఎరుగుదుం. అతను తన దగ్గరికి నలుగురూ వచ్చి అడగాలని కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. కన్వీనరు తనే నలుగురి దగ్గరికీ పోయి అడుగుతాడు. జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాడు. మూడోసారి ఆ ఇంటావిడ ఫోనుకు చేసి, "చెల్లెమ్మా, వాణ్ని ఒకసారి ఫోను ఎత్తమనమ్మా" అంటాడు. ఇన్నిసార్లు కాదనిపించుకోవడానికి సిద్ధపడ్డవాడికి అహంకారం ఉందని ఎలా నమ్మడం? అసలు మిగతా ఆరుగురూ ఎందుకు అడగరో ఆలోచిస్తే వాళ్లది వట్టి బద్ధకం కాదనిపిస్తుంది. "నేనడిగితే వాడు రానంటే?" అనే చిన్న జంకు ప్రతివాడిలోనూ ఉంటుంది. వయసుతో పాటు బీపీలాగే అదీ పెరుగుతుంది. ఆ జంకు పుట్టుకతోనే లేనివాడు కన్వీనరవుతాడు. డబ్బు విషయంలోనూ అంతే. హోటలు అడ్వాన్సు తన జేబులోంచి కడతాడు, జీపుకు తనే కడతాడు, తిరిగొచ్చాక తలా 3,418 రూపాయలని లెక్క తేల్చి షీటు పంపుతాడు. ఫోనులో వేలితో నొక్కితే పోయే డబ్బు. అయినా ఒకడు రౌండు చేసి 3,400 వేస్తాడు. ఆ 18 రూపాయలు మిగుల్చుకున్నవాడే తర్వాత ఇంకొకడితో, "మనవాడు మంచోడే గాని, లెక్కలు మరీ పైసల్లో చూస్తాడ్రా" అంటాడు.

కళల దగ్గరికి వచ్చేసరికి కన్వీనరు విశ్వరూపం కనబడుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తానంటాడు. హైదరాబాదులోనే పుట్టి పెరిగి, ఐదో తరగతిలో స్కూలువాళ్లు తీసుకెళ్లిన తర్వాత మళ్లీ గడప తొక్కని మహానుభావులు అతని బృందంలో ఉంటారు. శుక్రవారమైతే బావుండేదన్నవాడు మళ్లీ శుక్రవారమే అంటాడు. మ్యూజియానికి సెలవు ఆ రోజే. శనివారం ఖాయమవుతుంది. కలవాల్సిన చోటు ద్వారం దగ్గర కాదు, టికెట్ల దగ్గర కాదు: సరిగ్గా పన్నెండింటికి గడియారం ముందు. అక్కడొక పెద్ద సంగీత గడియారం ఉంది. గంట గంటకీ అందులో చిన్న తలుపు తెరుచుకుని ఒక గడ్డపు బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలయితే అన్ని దెబ్బలు గంట మీద కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి ఆ వేళకే జనం ఎక్కువ. కన్వీనరు ఎత్తుగడ ఏమిటంటే, స్నేహితుల కోసం అతను ఆగగలడు గానీ ఆ బొమ్మ ఆగదు, కాబట్టి సిగ్గుపడైనా వేళకు వస్తారని. నలుగురు వస్తారు. ఒకడు ఇంట్లోనే ఉండి "అఫ్జల్‌గంజ్ దాటానురా" అంటాడు. అతను వచ్చేసరికి ఒంటిగంట. బొమ్మ వచ్చి ఒక్క దెబ్బ కొట్టి తలుపేసుకుంటుంది. "ఇంతేనా! దీనికోసమా ఇంత హడావుడి చేశావ్?" అని అతను కన్వీనరును నిలదీస్తాడు.

ఆ తర్వాత జరిగేది మాత్రం కన్వీనరుకు గొప్ప పేరు తెచ్చే విషయం కాదు. మేలిముసుగు రెబెక్కా ముందు నాలుగు నిమిషాలు కేటాయిస్తాడు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోముకు వెళ్లినప్పుడు కొన్నాడు. రాతిలో చెక్కిన ముసుగు లోంచి రాతి ముఖమే పలచగా కనిపిస్తుంటే, ఎవరో ఒకడు, సాధారణంగా ఎవరూ ఊహించనివాడు, అక్కడే నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. అతని భుజం తట్టి, "ఇంకా ఏనుగు దంతాలున్నాయి పద" అనడం నేరం. ఈ ఒక్కచోట నేను అతని తరఫున వకాల్తా పుచ్చుకోను. అయితే బొమ్మ ముందు నిలబడిపోయిన ఆ మనిషి నలభై ఏళ్లుగా దానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటూ ఒక్కసారి కూడా రాలేదన్న సంగతి కూడా ఫైలులో రాసుకోవాలి. తరిమేవాడితో నాలుగు నిమిషాలు చూడటమా, తీరిగ్గా ఎప్పటికీ చూడకపోవడమా అంటే నా ఓటు నాలుగు నిమిషాలకే. ఇలాగే ఏదో ఏడాది సురభివారి 'మాయాబజార్'కు లాక్కెళ్తాడు. 1885లో కడప జిల్లా పల్లెలో మొదలై ఇప్పటికీ కుటుంబాలు కుటుంబాలుగా ఆడుతున్న నాటకాల సంస్థ అని అతను చెబుతుంటే మిత్రులు "లోపల ఏసీ ఉంటుందా?" అనే ఒక్క ప్రశ్న వేస్తారు. ఘటోత్కచుడి మాయలు చూశాక మాత్రం, రానని మొరాయించినవాడే ఏడాది పొడుగునా ఆఫీసులో "మేం సురభి నాటకానికి వెళ్లాం" అని కథలు కథలుగా చెబుతాడు. ఆ కథల్లో కన్వీనరు ఎక్కడా ఉండడు. 'మేం వెళ్లాం' అంతే, కాళ్లు వాటంతటవే రవీంద్రభారతి మెట్లెక్కినట్టు.

అతని వల్ల అందరికీ సుఖం, అతనికి మాత్రం కాదు. ఇదీ అతని మీద నిజమైన ఫిర్యాదు. అరకు వెళ్లే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో 58 సొరంగాలు. చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ అద్దాల బోగీ నిండా ఆకుపచ్చని లోయ. ఆరుగురూ పిల్లల్లా కేకలేస్తుంటారు, ఏడోవాడు తలకాయలు లెక్కపెడుతుంటాడు. కిందటి స్టేషనులో మిరపకాయ బజ్జీల కోసం దిగినవాడు ఎక్కాడా లేదా అని. గ్రూపు ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తారు, అతను వాచీ వైపు చూస్తాడు. బొర్రా గుహల్లో సున్నపురాయి ఆకారాల కంటే మధ్యాహ్నం భోజనానికి ఏడు ప్లేట్లు చెప్పామా ఎనిమిదా అన్నదే అతని మనసులో పెద్ద ఆకారం. చూసి జాలిపడతాం గానీ, "ఒరేయ్, నువ్వు కిటికీ దగ్గర కూర్చో, లెక్క నేను చూస్తా" అని ఎవరమైనా అంటామా? అనం. అంటే నిజంగానే చూడాల్సొస్తుంది.

ఇంత చెప్పినా నమ్మకం కుదరనివారు, కన్వీనరు ఊరు వదిలివెళ్లిన బృందాన్ని గమనించండి. కొడుకు డాలస్‌లో ఉన్నాడని ఆరు నెలలకు వెళ్తాడు. మొదటి వారం గ్రూపులో "నువ్వు లేక బోసిగా ఉందిరా" అని నలుగురు రాస్తారు. రెండో నెలకు పుట్టినరోజు కేకులు, పండగ దీపాలు, ఎక్కణ్నుంచో వచ్చిన ఆరోగ్య చిట్కాలు మిగులుతాయి. మియాపూర్‌వాడు ఎల్బీనగర్‌వాణ్ని తలచుకుంటూనే ఉంటాడు, తలచుకోవడానికి మెట్రో ఎక్కక్కర్లేదు కదా. ఆ పక్క డాలస్‌లో మాత్రం ఈయన పార్కులో వాకింగుకొచ్చే తెలుగు తాతల్ని పదిమందిని పోగేసి, ఉగాది పాట్‌లక్కుకు పులిహోర ఎవరు, పచ్చడి ఎవరు, ఇద్దరు పులిహోర తెస్తే ఏం చేయాలి అని పోల్ పెట్టేసి ఉంటాడు. అసలు అతను వెళ్లిన రోజే చూడాల్సింది. శంషాబాద్‌లో వీడ్కోలు కూడా అతను ఏర్పాటు చేసిందే: ఎవరి కారులో ఎవరు, ఏ గేటు దగ్గర, ఎన్నింటికి, పార్కింగు టికెట్టు ఎవరి దగ్గర. నలుగురు వచ్చి దండ వేసి పంపిస్తారు. ఇద్దరు ఆరాంఘర్ దగ్గరే ఉన్నామంటారు. సెక్యూరిటీ వరసలో నిలబడి, బెల్టు తీసి ట్రేలో పెట్టి, ఫోనును మాత్రం ఆఖరి క్షణం దాకా చేతిలోనే ఉంచుకుని, ఆ ఇద్దరికీ మిగతా నలుగురూ కాఫీ తాగుతున్న చోటి లొకేషన్ పంపిస్తూ ఉంటాడు.