పదకొండు గంటల తనిఖీ

వృద్ధాశ్రమంలో తనిఖీ ఉందన్న సంగతి అందరికన్నా ముందు తెలిసేది వృద్ధాశ్రమానికే. మామూలు తనిఖీ అయితే వారం ముందు తెలుస్తుంది, ఆకస్మిక తనిఖీ అయితే ఒక్కరోజు ముందు.

కాలనీలో అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇంట్లో నడిచే చిన్న హోమ్‌కు ఆ వారమంతా పండగ హడావుడే. మెట్ల కింద పేర్చిన విరిగిన వాకర్లు, తుప్పు మంచాలు, ఉల్లిపాయల బస్తా డాబా ఎక్కుతాయి. మంటలార్పే ఎర్ర సిలిండర్‌కు తడిగుడ్డతో స్నానం. దాని మీటరులో ముల్లు పచ్చలో ఉందో ఎరుపులో ఉందో తర్వాత చూసుకోవచ్చు, ముందు దానికి తగిలించిన కూరగాయల సంచీ తీయాలి. రాత్రిళ్లు ఉండేది ఒక్క ఆయా. ఆ సిలిండర్ పిన్ను ఎలా లాగాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. చూపిస్తే నిజంగా వాడేస్తుందేమో, మళ్లీ నింపించాలంటే డబ్బులు కదా!

బామ్మగార్లకు రిహార్సల్ వేరే. "భోజనం ఎలా ఉంది?" అంటే "బాగుంది బాబూ". "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అంటే కూడా "బాగుంది బాబూ". చెవుడున్న వాళ్లు ఇందులో ఫస్టు క్లాసు.

పదకొండింటికి సారు జీపు దిగుతారు. టీ, బిస్కెట్లు, రిజిస్టరు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) వృద్ధాశ్రమాలను 'సి' గ్రూపులో చేర్చింది. సి-1 ఆసుపత్రులు, సి-3లో జైళ్లు, మధ్యలో సి-2గా మన తాతయ్యలూ బామ్మలూ. వరస పెట్టినాయన ఎవరో గానీ లోకం తెలిసినవాడు.

చట్టం లేదా అంటే, ఉంది. దానికి పదును పెట్టే సవరణ కూడా ఒకటి రాబోయింది. ప్రైవేటు హోములన్నీ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభకు సవరణ బిల్లు వచ్చింది. స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదికతో తిరిగొచ్చింది, 2024లో సభ రద్దయ్యాక కాలం చేసింది. పెద్దవాళ్ల కోసం పుట్టిన బిల్లుకు అయిదేళ్లయినా నిండలేదు పాపం.

ఇక రాత్రి సంగతి. తొమ్మిదింటికి గ్రిల్లుకు తాళం పడుతుంది. మతిమరుపున్న తాతయ్య రోడ్డెక్కి తప్పిపోకుండా వేస్తున్నామంటారు, అది అబద్ధమేమీ కాదు. తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంటుంది. వాచ్‌మన్‌కు పక్కవీధి అపార్ట్‌మెంట్‌లో కూడా డ్యూటీ ఉంటుంది.

తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను గొలుసులతో కట్టిపడేసిన ఆశ్రమంలో మంటలు లేచి 28 మంది చనిపోయారు. తెల్లవారుజామున. ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లోని ఒక హోమ్‌లో 2023 జనవరి 1న ఇద్దరు వృద్ధురాళ్లు మంటలకు బలయ్యారు. అదీ తెల్లవారుజామునే. ఆఫీసు టైమింగులు నిప్పుకు ఎవరూ చెప్పినట్టు లేరు. సార్లకు మాత్రం బాగా తెలుసు. పదకొండు గంటల ఎండలో గ్రిల్లు బార్లా తెరిచి ఉంటుంది, దాని మీదుగానే సారు లోపలికొస్తారు, 'బయటకు దారి: ఉంది' అని టిక్కు పెడతారు.

ఒక్కోచోట రిహార్సల్‌కు లొంగని మాస్టారు ఒకాయన ఉంటాడు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన ప్రాణం.

"బాబూ, రాత్రి రెండింటికి ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

సారు ఫారం అటూ ఇటూ తిప్పుతారు. తలుపు వెడల్పుకు గడి ఉంది, బోర్డుకు గడి ఉంది, ఎమర్జెన్సీ లైటుకు గడి ఉంది. చెవికి లేదు.

"మాస్టారికి ఈమధ్య రాత్రీ పగలూ తెలియట్లేదు సార్" అంటుంది మేనేజరమ్మ, ఇంకో బిస్కెట్ ప్లేటు ముందుకు జరుపుతూ.

సారు పెన్ను మూత తీసి రిమార్కుల్లో రాస్తారు: 'వృద్ధులు సంతృప్తిగా ఉన్నారు. ఒకరికి కౌన్సెలింగ్ అవసరం.'